మిరప తొడిమల తోడు

"పెళ్లై పదేళ్లు. పాలు తోడు పెట్టడం కూడా రాకపోతే ఎట్లాగమ్మా?" అంటూ అత్తగారు వెంకాయమ్మ గిన్నె వంచి చూపించింది. పాలు పాలలాగే ఉన్నాయి. రాత్రి ఆవిడే "కానీ, కానీ" అని తొందరపెడితే వేదశ్రీ పొగలు కక్కుతున్న పాలలోనే తోడు వేసేసింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు కదా! పక్కింట్లో కాస్త తోడు అడుగుదామంటే, "శుక్రవారం పూట పెరుగు ఎవరిస్తారే? మనమిస్తామా?" అంది. అద్దంకిలో కొనుక్కుంటే పెరుగు దొరక్కపోదు, కానీ కొన్న పెరుగు ఆవిడ నోట పెట్టదు.

వేదశ్రీ వేరే పాలు గోరువెచ్చగా చేసి, నాలుగు పచ్చిమిరపకాయలు తొడిమలతో సహా అందులో వేసింది. మిరప పండే ఊళ్లలో ఆడవాళ్లకి తెలిసిన కిటుకే. తొడిమను అంటుకుని ఉండే బ్యాక్టీరియా పాలను తోడుకునేట్టు చేస్తుంది. ఆ మాట చెప్పబోతే చాలు, "మొదలెట్టావూ!" అంటాడు భర్త రామకాంత్.

మూత పెడుతూ ఆలోచనలో పడింది. తొడిమ మీద పాలెక్కడివి? దొరికిందేదో తిని బతికింది ఆ జీవి. పాలచక్కెరను విరగ్గొట్టే జన్యువు ఒంట్లోనే ఉన్నా, దాన్ని పనిచేయనివ్వకుండా ఒక ప్రొటీను పైన తిష్ఠ వేసుకుని ఉంటుంది. పాలచక్కెర వచ్చిందని పసిగట్టగానే ఆ ప్రొటీను తప్పుకుంటుంది, జన్యువు పని మొదలెడుతుంది. ఇన్నాళ్లూ అది చచ్చిపోలేదు, ఊరుకుందంతే. పెళ్లి కోసం వేదశ్రీ సగంలో వదిలేసిన పరిశోధన సరిగ్గా దీని మీదే. గుంటూరులో ల్యాబ్ నడిపే షమా మేడమ్, అప్పట్లో ఆమె గైడు, మొన్న ఫోన్ చేసి "మళ్లీ వస్తావా? శుక్రవారం సాయంత్రంలోగా చెప్పు, లేదంటే వేరేవాళ్లని తీసుకుంటా" అంది. ఆ సంగతి చెబితే రామకాంత్ నవ్వాడు. "పదేళ్లలో అంతా మర్చిపోయుంటావులే. పొద్దున్నే నువ్వు బస్సెక్కితే అమ్మకి టిఫినెవరు పెడతారు?"

మర్చిపోవడమా! ఇప్పుడే మనసులో ఒక్క ముక్క తడబడకుండా పాఠమంతా అప్పజెప్పుకున్నది ఎవరు మరి? వేదశ్రీకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. రెండ్రోజులుగా ఆమెను ఆపింది మొగుడంటే భయం కాదు, అతనన్నది నిజమేమోనన్న భయం. అది కాస్తా ఇప్పుడు పోయింది.

చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చి, అతని ఎదురుగానే ఫోన్ చేసింది. "మేడమ్, సోమవారం నుంచి వస్తున్నానండీ."

రామకాంత్ పేపరు కిందికి దించాడు. "నన్నొక్క మాట అడగాలనిపించలేదా నీకు?"

"ఇన్నేళ్లూ అనిపించేదండీ. ఇవాళ అనిపించలేదు."