సబ్బుపెట్టెలో పద్నాలుగు వైర్లు

పదమూడో వైరుకు సీసం పట్టడం లేదు. ఏసోబు సోల్డరింగ్ ఐరన్ కొసను తడి స్పాంజి మీద రుద్ది, కళ్లజోడును ముక్కు మీదికి జార్చుకుని, మళ్లీ ఆనించాడు. సన్నటి పొగ లేచి ట్యూబులైటు వైపు పోయింది. ఈసారి సీసం మెరిసి, ముత్యంలా ముడుచుకుని, మసకబారింది.

ఉదయం ఆరున్నర అయింది. మధురానగర్‌లోని ఆ గల్లీకి నీళ్ల ట్యాంకరు ఇంకా రాలేదు. పై అంతస్తు హాస్టల్లో అమ్మాయిలు బకెట్లు వరసగా పెట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఏసోబు బల్ల మీద పేపరు పరిచి ఉంది. దాని మీద పాత వీడియోగేమ్ రిమోటు పొట్ట విప్పుకుని పడి ఉంది. లోపలి పచ్చ పలక మీద ఒక్కో మీట కింద ఉండే నల్లపూతను అతను బ్లేడుతో గీకాడు. రాగి కనిపించిన చోట వెంట్రుకంత వైరు అతికించాడు. ఆ వైర్లన్నీ మూత లేని గులాబీరంగు సబ్బుపెట్టెలోంచి అవతలికి పోయి, ఒక పాత కీబోర్డు అడుగున ఒక్కో అక్షరానికి ఒక్కటి చొప్పున కలుస్తాయి. అక్షరం నొక్కితే రిమోటు మీట నొక్కినట్టే గేమ్ మిషన్ అనుకోవాలి. ఆరు వారాలుగా ప్రతి పొద్దునా గంటసేపు అతను చేస్తున్న పని ఇదే.

అతనికి యాభై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి. భుజాలు కొంచెం ముందుకు వంగి ఉంటాయి. అతనిలో చూడదగ్గవి చేతివేళ్లు. పొడవుగా, గోళ్లు పొట్టిగా కత్తిరించి, కొసలు కాస్త చదునుగా ఉంటాయి. బాపట్లలో ఇంగ్లీషు, తెలుగు రెండు టైపింగులూ హయ్యరు పాసై అమీర్‌పేట వచ్చాడు. పదకొండేళ్లు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్పాడు. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక, కీబోర్డు మీద వేళ్లు ఎలా పెట్టాలో నేర్పాడు. తర్వాత అదీ ఎవరికీ నేర్పనక్కర్లేకపోయింది. గత పదిహేడేళ్లుగా పంజాగుట్టలోని ఒక పెద్ద ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల పేర్లు కొడుతున్నాడు. ఇన్‌స్టిట్యూట్ మూసిన రోజు సామాను తీసుకెళ్లేవాళ్లు వదిలేసిన కీబోర్డు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు బల్ల మీద ఉన్నది అదే.

గేమ్ మిషన్ అతనిది కాదు. పక్క వాటాలో ఉండే కనకయ్య ఆటోలో ఎవరో మర్చిపోయిన సంచీలో దొరికింది. కనకయ్య ఆ సంచీ పట్టుకుని, వాళ్లను దింపిన హాస్టలుకు మూడు రోజులు తిరిగాడు. మాది అన్నవాళ్లు లేరు. ఏసోబు భార్య మగ్దలీనమ్మ పోయి అప్పటికి నెల. ఒకరోజు సాయంత్రం కనకయ్య సంచీతో వచ్చి గడపలో నిలబడ్డాడు.

"మీకాడ టీవీ ఖాలీగనే ఉంటది గద సారు," అన్నాడు.

ఓదార్పు మాట అతను అప్పుడూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఆ సాయంత్రం నుంచి మూడేళ్లుగా ఇద్దరూ రెండు ప్లాస్టిక్ కుర్చీలు టీవీ ముందు వేసుకుని, గంటసేపు కార్ల రేసు ఆడుతున్నారు. తెర రెండు ముక్కలవుతుంది. పైన కనకయ్య ఎర్రకారు, కింద ఏసోబు తెల్లకారు. గెలిచేది కనకయ్యే. ఏసోబు ఒక్కసారి కూడా గెలవలేదు. రిమోటు మీద పనంతా బొటనవేళ్లది. ఏసోబు బొటనవేళ్లకు నలభై ఏళ్లుగా తెలిసిన పని ఒక్కటే, మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలడం. మలుపు వచ్చేసరికి అవి తడబడతాయి, తెల్లకారు గోడకు గుద్దుకుంటుంది. కనకయ్య నవ్వడు. తన కారును పక్కకు తీసి ఆపి, అతను వచ్చేదాకా ఆగుతాడు. గోడకు గుద్దుకోవడం కంటే ఆ ఆగడమే ఏసోబుకు కష్టంగా ఉండేది. అమీర్‌పేటలో అడిగితే, ఇంత పాత మిషన్‌కు కీబోర్డు తగిలించే అడాప్టర్ ఎక్కడా దొరకదన్నారు. అందుకని తనే మొదలుపెట్టాడు.

పద్నాలుగో వైరు కూడా అతికించి టీవీ పెట్టాడు. తెల్లకారు కనిపించింది. కానీ ఏ అక్షరమూ ముట్టుకోకుండానే కారు బయల్దేరి, నేరుగా పోయి గోడకు ఆనుకుని, చక్రాలు తిప్పుతూ నిలబడింది.

కనకయ్య అప్పుడే వచ్చాడు. ఖాకీ చొక్కా పైగుండీ పెట్టుకోలేదు. రోజూ ఏడున్నరకు వచ్చి ఏసోబును ఆసుపత్రి దగ్గర దింపి, అక్కడి స్టాండులోనే బండి పెట్టుకుంటాడు. గుండ్రటి మొహం, దట్టమైన నెరిసిన మీసాలు. కుర్చీలో కూర్చుని తెర వైపు చూశాడు.

"ఆక్సిలేటర్ వైరు యాడనో పక్కదానికి అతుక్కున్నది సారు. పోయిన వానకాలం నా బండికి సుత గట్లనే అయింది."

ఏసోబు పచ్చ పలకను వెలుతురులోకి తిప్పి చూశాడు. నిజమే. రెండు సీసపు ముత్యాల మధ్య దారప్పోగంత వంతెన ఉంది. ఐరన్ వేడెక్కేదాకా ఆగి, దాని మీద వంగాడు.

"గ్యాస్ గోళీ ఉన్నదా సారు మీకాడ? రాత్రి సంది ఈడ జర గుంజుతున్నది," అన్నాడు వెనకనుంచి కనకయ్య.

ఫ్రిజ్ మీద స్టీలు డబ్బాలో ఉందని, తీసుకోమని ఏసోబు చెప్పాడు. తల తిప్పలేదు. ఐరన్ కొస సరిగ్గా ఆ పోగు మీద ఉంది, చెయ్యి కదిలితే రెండు వైర్లూ ఊడి వస్తాయి. డబ్బా మూత తీసిన చప్పుడు, పెట్టిన చప్పుడు విన్నాడు. పోగు కరిగి రెండు వైపులకూ తప్పుకుంది.

ఈసారి కారు నిలబడి ఉంది. ఏసోబు కుర్చీలో నిటారుగా కూర్చుని, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని, వేళ్లను మధ్యవరస మీద ఆనించాడు. ఎడమచేతి కింద మలుపులు, కుడిచేతి చూపుడువేలి కింద వేగం. కారు కదిలింది. మొదటి మలుపు దాటింది, రెండోదీ దాటింది. సొరంగం దగ్గర ఎప్పుడూ గుద్దుకునే స్తంభం పక్కనుంచి జారిపోయింది. వేళ్లు తనను అడగడం లేదు. చుట్టు పూర్తయింది.

"ఇగ నన్ను గెల్వనియ్యరు మీరు," అన్నాడు కనకయ్య. నవ్వుతూ లేచి, అరచేతిని ఛాతీ మీద ఒకసారి రాసుకున్నాడు. "సాయంత్రం సూద్దాం. పోదాం పాండ్రి, లేటయితది."

ఆటోలో వాళ్లు మాట్లాడుకోవడం తక్కువ. అమీర్‌పేట మెట్రో కింద ఎప్పటిలాగే బండి ఆగుతూ, కదులుతూ పోయింది. ఏసోబు ఒళ్లో టిఫిను సంచీ పట్టుకుని, సాయంత్రం సొరంగం తర్వాతి మలుపు ఎలా తీసుకోవాలో ఆలోచించాడు. ఆసుపత్రి గేటు దగ్గర దిగి లోపలికి వెళ్లిపోయాడు.

ఎనిమిదిన్నరకు కౌంటరు తెరిచారు. అద్దానికి ఉన్న గుండ్రటి కంతలోంచి పేర్లు వస్తాయి. పేరు, వయసు, ఉండేచోటు, ఫోను నంబరు, ఏం బాధ. ఏసోబు తెర వైపు గానీ మనిషి వైపు గానీ చూడడు. అద్దం పక్కన గోడ మీద ఒక మరక ఉంటుంది, చూపు దాని మీద ఉంటుంది. చెవిలోంచి వచ్చిన మాట వేళ్లలోంచి పోతుంది. మధ్యలో అతనికి పని లేదు. మొదట్లో కొన్ని పేర్లు ఇంటిదాకా వెంట వచ్చేవి, మగ్దలీనమ్మకు చెప్పేవాడు. ఇప్పుడు రావు. పదకొండింటికి టీ తాగాడు. పన్నెండున్నరకు డబ్బాలోని అన్నం, దొండకాయ వేపుడు తిన్నాడు. ఒంటిగంటకు ఎప్పటిలాగే ఎమర్జెన్సీ కౌంటరుకు వెళ్లాడు. అక్కడి చంద్రిక భోజనం చేసి వచ్చేదాకా, అంటే రెండింటిదాకా, ఆ కుర్చీ అతనిది.

ఒకటీ నలభైకి కంతలోంచి ఆయాసపడుతున్న గొంతు వినిపించింది. పేరేంటని ఏసోబు అడిగాడు.

"కనకయ్య."

వయసు యాభై అయిదో, ఆరో అంది గొంతు. ఎక్కడుంటారని అడిగాడు.

"మధురానగర్. ఇంటి నంబరు నాకెరుక లేదు సార్. మా స్టాండాయన. బండ్ల కూసోనే పక్కకు ఒరిగిపోయిండు. లోపటికి తీస్కపోయి శానసేపాయె, ఇప్పుడు చీటీ తెమ్మన్నరు."

ఏసోబు వేళ్లు ఆగలేదు. ప్రింటరు చీటీ తీసింది. చించి కంతలోంచి ఇవ్వబోతూ, ఎప్పుడూ చూడనివాడు, ఎందుకో చూశాడు. చీటీ మీద ఇంటి నంబరు ఉంది. వాటా అక్షరంతో సహా ఉంది. కంత అవతలి మనిషి చెప్పని నంబరు.

అతను చీటీ పట్టుకుని లేచాడు. తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు. మూడో పరదా వెనక కనకయ్య వెల్లకిలా ఉన్నాడు. ఖాకీ చొక్కా మధ్యకు కత్తిరించి ఉంది. మీసాల మీద చెమట ఇంకా ఆరలేదు. డాక్టరు మంజూష చేతి తొడుగులు తీసేస్తోంది. ఇక్కడికి వచ్చేసరికే ప్రాణం లేదని, అయినా ఇరవై నిమిషాలు ప్రయత్నించామని మెల్లగా చెప్పింది. మీకు తెలిసినవాళ్లా అని అడిగింది. ఏసోబు తల ఊపాడు. ఏమైనా చెప్పారా ముందు, నొప్పి అని గానీ, అని అడిగింది.

"గ్యాస్ అనుకున్నాం మేడం," అన్నాడు ఏసోబు.

ఆ మాట పదిహేడేళ్లలో అద్దం అవతలినుంచి ఎన్నిసార్లు విన్నాడో అతనికి లెక్కలేదు. ఇప్పుడు తన నోటినుంచి వచ్చింది. గొంతు మామూలుగానే ఉంది.

నరేశ్‌కు ఫోను చేశాడు. కనకయ్య కొడుకు నరేశ్ సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మీద పనిచేస్తాడు. అమ్మను తీసుకుని ఆసుపత్రికి రమ్మన్నాడు. ఏమైందని నరేశ్ రెండుసార్లు అడిగితే, రెండుసార్లూ రమ్మనే అన్నాడు. తర్వాత కౌంటరుకు తిరిగి వచ్చాడు. వెంట ఉన్నవారి వివరాలు ఇంకా నింపలేదు. తన పేరు కొట్టాడు. రోగికి ఏమవుతారు అన్నచోట తెర మీద మాటలు వరసగా దిగాయి: భార్య, భర్త, తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, ఇతరులు. చివరిది నొక్కాడు.

రెండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. చంద్రిక రాలేదు. కంత ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. ఏసోబు ఆరు పేర్లూ కొట్టాడు. ఒక్క తప్పూ పడలేదు.

కనకయ్య భార్య సీతాబాయి, నరేశ్ చెయ్యి పట్టుకుని వచ్చింది. పరదా వెనక ఆమె ఏడుపు కాసేపు గట్టిగా వినిపించి, తర్వాత సన్నగా సాగింది. ఏసోబు నీళ్ల సీసా తెచ్చి బయటి బెంచీ మీద ఆమె పక్కన పెట్టి నిలబడ్డాడు. కదలాలనిపించలేదు. చాలాసేపటికి ఆమె తలెత్తింది.

"పొద్దుగాల మీ ఇంట్ల ఏమన్న అన్నడా అన్నా?"

"గ్యాస్ గోళీ ఉందా అని అడిగాడమ్మా. తీసుకోమన్నాను. నేను వెనక్కి తిరిగి చూడలేదు."

ఆమె కొంగు మడతను వేళ్లతో సాగదీసి చూసుకుంది.

"నన్ను సుత అడిగిండు," అంది. "అయిపోయినయి అని చెప్పిన. పోపు ఏస్తుంటి. నేను సుత సూడలే."

బెంచీ అవతలి చివర ఏసోబు కూడా కూర్చున్నాడు.

అయిదింటికి కనకయ్యను ఇంటికి తెచ్చారు. ఏసోబు అంబులెన్సు వెనక, ఆ స్టాండు వాళ్ల ఆటోలో వచ్చాడు. రెండు వాటాలకూ ఉమ్మడిగా ఉన్న వసారాలో పడుకోబెట్టారు. హాస్టలు అమ్మాయిలు మెట్ల మీద నిలబడి చూసి, ఒక్కొక్కరే పైకి వెళ్లిపోయారు. సీతాబాయి చుట్టాలు రావడం మొదలైంది. కూర్చోడానికి ఏమైనా ఉన్నాయా అని నరేశ్ వచ్చి అడిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నా, మాట స్థిమితంగానే ఉంది.

ఏసోబు లోపలికి వెళ్లాడు. టీవీ ముందు రెండు కుర్చీలు పొద్దున వదిలినట్టే ఉన్నాయి. ఒకదాని మీద కీబోర్డు, సబ్బుపెట్టె. రెండోదాని మీద కనకయ్య రిమోటు. మిషన్‌లోంచి రెండు తీగలూ పీకాడు. సబ్బుపెట్టె కదిలి లోపల ఒక వైరు ఊడింది. పదమూడోదే అయుండాలి. అతను చూడలేదు. అన్నీ మంచం మీద పెట్టి దుప్పటి కప్పి, కుర్చీలు చెరో చేత్తో ఎత్తుకుని వసారాలోకి తెచ్చాడు. ఒకదాంట్లో కనకయ్య పెద్దన్న కూర్చున్నాడు. రెండోదాంట్లో ఎవరో ముసలావిడ కూర్చుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుంది.

ఏసోబు గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఇంకా వెలుతురుంది. ట్యాంకరు నీళ్లు కారి గల్లీ అంతా తడిగా ఉంది. మూల తిరిగి కనకయ్య ఆటో వచ్చింది. ఇంజను శబ్దం గుర్తుపట్టి వసారాలో సీతాబాయి ఒక్కక్షణం ఏడుపు ఆపింది. నడుపుతున్నది మధ్యాహ్నం కంత అవతల నిలబడ్డ మనిషి. పేరు రాజనర్సయ్య అని ఆసుపత్రిలో చెప్పాడు. సీటు అంచు మీద, ఒక పక్కకు ఒరిగి, సగం బయటికే కూర్చుని అంత దూరం నడుపుకుంటూ వచ్చాడు. గోడ వారగా ఆపి, దిగి, తాళంచెవి ఏసోబు చేతిలో పెట్టాడు.

"సీటు మీద ఆయన తువాల ఉన్నది సార్," అన్నాడు. "జరపబుద్ధి కాలె."

అతను నడుచుకుంటూ మెయిన్ రోడ్డు వైపు వెళ్లిపోయాడు. ఏసోబు ఆటోలోకి వంగి చూశాడు. ఎండకు సీటు కాలకుండా తడిపి, నాలుగు మడతలు వేసి పరిచిన నీలిగళ్ల తువాలు అది. మధ్యాహ్నపు ఎండకు అట్టలా ఎండిపోయి, మధ్యలో మనిషి బరువుకు పడిన గుంట అలాగే ఉండిపోయి, సీటును అంటిపెట్టుకుని ఉంది.