చప్పుడు లేని పెట్టె

కోవిల్‌పట్టిలో రాఘవేంద్రన్ పొద్దున ఆరింటికి కాఫీ తాగి పాటల పెట్టె స్విచ్ వేస్తారు. పదిన్నరకు స్నానానికి లేచేదాకా ఒకదాని తర్వాత ఒకటి ప్లేట్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ నాలుగున్నర గంటలూ ఆ ఇంట్లోకి ఎవరైనా రావచ్చు గానీ బయటికి ఎవరూ పోలేరు. గడప దాటడానికి కాలెత్తితే, ఎత్తిన కాలు ఎత్తినచోటే దిగుతుంది. పదిసార్లు ఎత్తినా అంతే.

వీధికి ఇది అలవాటైపోయింది. గ్యాస్ సిలిండర్ తెచ్చేవాడు వాకిట్లోనే దించి కేకేస్తాడు. ఎదురింటి పాండియమ్మాళ్ కరివేపాకుకు వస్తే, కట్టాల్సిన మల్లెపూలు కూడా చెంగులో పోసుకుని వస్తుంది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషి ఒకసారి నాలుగు గంటలు కూర్చుని, ఇడ్లీలు తిని, రెండు పాటలు నేర్చుకుని పోయాడు. ఒక్కో ఇంటికి ఒక్కో పద్ధతి, దానికి ఎవరేం చేస్తారు.

ఇబ్బందల్లా సంగవికే. రాఘవేంద్రన్‌కు ఒక్కతే కూతురు, ఇరవై ఏడేళ్ళు, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. మూడేళ్ళ కింద ఒక పొద్దున తల్లి రుక్మణి మదురై ఆసుపత్రికని గడప దాటింది, మళ్ళీ రాలేదు. ఆ పొద్దున పాటల పెట్టె ఆపి ఉంది. తర్వాతి వారం నుంచే ఇంటికి ఈ పట్టు వచ్చింది. మదురైలో ఇంటర్వ్యూ అంటే సంగవి మధ్యాహ్నానికి చేరింది. వాళ్ళు గేటు దగ్గరే పంపేశారు. సాత్తూరులో కాలేజీ ల్యాబు ఉద్యోగం రెండు రోజులు చేసింది, రెండు రోజులూ పన్నెండింటికే పోయింది, మూడో రోజు రావద్దన్నారు. ఆరింటికి ముందే పోదామంటే, కాఫీ ఆమె చేత్తోనే ఇవ్వాలి, ఇచ్చి తిరిగేలోపే స్విచ్ పడేది. తొందరగా ఆపమని అడిగితే ఆయన ఎన్నడూ కాదనలేదు. ఒక్క ప్లేటు ముగిసినంక పోదువులే అమ్మి, అంటారు. ఆ ఒక్కటి ఎప్పుడూ ముగిసేది కాదు. ఆమెకు తండ్రి మీద ఒళ్ళు మండేది, మండినందుకు ఏడుపొచ్చేది. ఏడవడానికైనా బయటికి పోయే దారి లేదు.

ప్లేటు మీద సూదికి దొరికే శబ్దం దోమ గొంతంత కూడా ఉండదు. దాన్ని ముందు ఒక చిన్న పెట్టె అందుకుని, వెయ్యింతలు చేసి ఆంప్లిఫయర్‌కి ఇస్తుంది. ఫోనో ప్రీయాంప్ అంటారు దాన్ని. రాఘవేంద్రన్ దగ్గరున్నది ఎప్పుడో మదురైలో ఒకాయన గాజు వాల్వులు పెట్టి చేత్తో కట్టిచ్చినది. వయసు మీదపడి అది పాటతోపాటు కరెంటు గుయ్‌మనే మోతను కూడా వెయ్యింతలు చేసేది. ప్లేటు మార్చేటప్పుడు కూడా స్పీకర్లలో ఆ గుయ్ ఆగేది కాదు.

ఒకరోజు స్పీకరు తీగలు ఊడాయి. దీపం వెలుగుతోంది, ప్లేటు తిరుగుతోంది, చప్పుడు మాత్రం లేదు. పొద్దుటినుంచి గడప దగ్గర కాలెత్తి దించుతున్న పిల్లి తాపీగా వీధిలోకి పోయింది. సంగవికి అప్పుడు అర్థమైంది. పెట్టె చప్పుడు ఉన్నంతసేపే ఇల్లు పట్టుకుని ఉంటుంది. పాట ముగిసినా గుయ్ ముగియదు కాబట్టే ఎవరినీ వదలదు. మరి తీగ తనే పీకొచ్చు కదా అని మీరడగొచ్చు. మర్నాడు పీకింది కూడా. మూగబోయిన స్పీకరు ముందు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న తండ్రిని చూసి, మళ్ళీ తనే తగిలించింది.

ఇంతలో విరుదునగర్‌లో ఒక కంపెనీ ఆమెను పిలిచింది. మగ్గాల మోటర్లకు కంట్రోల్ బోర్డులు చేసే చిన్న కంపెనీ. సోమవారం తొమ్మిదిన్నరకు చేరాలి, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. అదే వారం రాఘవేంద్రన్, ఈ గుయ్‌తో చెవులు పోతున్నాయి, మంచి ప్రీయాంప్ ఒకటి కొందాం, నువ్వే చూసి చెప్పాల అన్నారు. నల్లరేగడి కరిసల్ చేనులో గాలిమర పెట్టుకున్నవాళ్ళు బాడుగ ఇస్తున్నారు, డబ్బుకు దిగులు లేదు. ఆదివారం స్నానమయ్యాక ఇద్దరూ విరుదునగర్ బస్సెక్కారు.

సెందిల్‌కుమార్ అక్కడ మిరపకాయల మండీ మీది మేడలో పాత ప్లేట్లూ కొత్త పెట్టెలూ అమ్ముతాడు. మెట్ల నిండా మిరపఘాటు. తుమ్ముకుంటూ ఎక్కినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి, మూడు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకటి వాల్వులది, లోపల ఎర్రగా వెలుగుతోంది. మిగతా రెండూ ట్రాన్సిస్టర్లవి, అలంకారం లేని ఇనప పెట్టెలు. మూడోదానికి కరెంటు భాగాన్ని వేరే పెట్టెలో పెట్టి దూరంగా ఉంచారు.

రాఘవేంద్రన్ తనతో తెచ్చుకున్న నాదస్వరం ప్లేటు మూడింటిలోనూ విన్నారు. వాల్వుల దగ్గర ఆయన కళ్ళు మూసుకుపోయాయి. సంగవి మాత్రం ప్లేటు తీసేసి సౌండు పూర్తిగా పెంచమంది. అందరూ పాట వినడానికొస్తారు, ఈ పొణ్ణు పాట లేనిది వినడానికొచ్చింది అని సెందిల్‌కుమార్ తమిళంలో నవ్వాడు. ఆమె స్పీకరుకు చెవి ఆనించింది. వాల్వుల పెట్టెలో గుయ్ ఉంది, ఇంట్లోదాని అంత లేదు. రెండోదానిలో ఎక్కడో దూరంగా ఈగ. మూడోదానిలో ఏమీ లేదు, కింద మండీలో బస్తాలు దించేవాళ్ళ మాటలు వినిపించాయి.

"నాకు ఆ ఎర్రగా ఉండేదే మనసుకు పట్టింది," అన్నారు రాఘవేంద్రన్. "గొంతు పక్కన కూర్చుని పాడినట్టు ఉండాది. నువ్వేమంటావు?"

అబద్ధం చెప్పాల్సిన పని లేదు, నిజం చెబితే చాలు.

"మూడోది నాయినా. దానిలో గుయ్‌మనే సత్తం లేదు."

"మూడిట్లోనూ పాట వస్తాది గదా."

"పాట వస్తాది. పాట నిలిస్తే ఇంగేమీ ఉండదు."

ఆయన ఎర్రగా వెలిగే పెట్టె మీదినుంచి చూపు తీసి కూతురి ముఖంలోకి చూశారు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఏమీ ఉండదా?"

"ఏమీ ఉండదు నాయినా."

మూడోదే కట్టమని ఆయన సెందిల్‌కుమార్‌తో చెప్పారు. తిరుగు బస్సులో కోవిల్‌పట్టి వచ్చేదాకా పెట్టెను ఒళ్ళోనే పెట్టుకున్నారు.

సోమవారం ఆరింటికి కొత్త పెట్టెతో స్విచ్ పడింది. మొదటి ప్లేటు సాగుతుంటే సంగవి వంట ముగించి, తండ్రికి ఇడ్లీలు మూత పెట్టి, స్నానం చేసి, సంచీ తగిలించుకుని గడప దగ్గర నిలబడింది. కాలెత్తి చూసింది. ఎత్తినచోటే దిగింది. పాట ముగిసింది, సూది లేచింది. ఆ ఇంట్లో పాటకూ పాటకూ మధ్య మూడేళ్ళుగా ఎవరూ విననంత నిశ్శబ్దం వచ్చింది. పక్కవీధిలో పాలవాడి సైకిలు గంట వినిపించింది. సంగవి కాలెత్తింది. అది బయటి మెట్టు మీద దిగింది.

"పోయిట్టు వస్తా నాయినా," అంది, వెనక్కి తిరగకుండా.

రాఘవేంద్రన్ చేతిలో రెండో ప్లేటు ఉంది, గుడ్డతో దుమ్ము తుడుస్తున్నారు. ఆమె వాకిలి దాటడం చూశారు. ప్లేటు చేతిలో ఉండగానే నాలుగు అంగల్లో గడప దగ్గరికి వచ్చారు. గడప దాటినవాళ్ళను వెనకనుంచి పిలవకూడదు, వాళ్ళ ఇళ్ళలో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. పేరు నోటిదాకా వచ్చింది, మింగారు. కానీ కాళ్ళకు ఏ శాస్త్రమూ తెలియదు. ఒక కాలు అప్పటికే బయటి మెట్టు మీద ఉంది. ఇంకో పది అంగలు వేస్తే వీధి మలుపులో చెయ్యి పట్టుకోవచ్చు. ఆమె ఆగుతుంది కూడా. అది ఆయనకు బాగా తెలుసు.

ఆ కాలును లోపలికి లాక్కున్నారు. గబగబా వెనక్కి పోయి ప్లేటు పెట్టి, సూది దించారు. పాట ఎత్తుకుంది.

తర్వాత మళ్ళీ గడప దగ్గరికి వచ్చి, తలుపు పట్టుకుని కాలెత్తి చూశారు. ఎత్తినచోటే దిగింది. ఇంకోసారి ఎత్తారు. కూతురు వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఎత్తుతూనే ఉన్నారు.