కడగని బ్రష్

ఊరందరికీ కేకులు తినిపించే బేకరీ మేస్త్రి తన ఎనిమిదేళ్ల కూతురికి మాత్రం ఒక్క ముక్క పెట్టలేడు. దీపం కింద చీకటంటే ఇదే మరి. పిల్లకు జీడిపప్పు పడదు. నిరుడు పుట్టినరోజుకు జీడిపప్పు పలుకు కూడా వేయకుండా బేకరీలో తనే కేకు చేశాడు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుందో లేదో, రుచైనా తెలియకముందే పెదవులు వాచి, ఊపిరి అందక, దగ్గరుంచుకున్న ఎలర్జీ ఇంజెక్షన్ పొడిచి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చింది. అప్పటినుంచి పిల్ల కేకు అడగడమే మానేసింది. అడగకపోవడమే ఆయన గుండెను కోసేది.

"ఏమేం వేశారో చాలాసార్లు చెప్పారు," అంది ఎలర్జీ డాక్టరమ్మ. "గుడ్లు, పాలు, గోధుమలు, అన్నీ పరీక్షించాం. పాపకు పడతాయి. ఇప్పుడు ఏ పనిముట్లతో చేశారో చెప్పండి."

మేస్త్రి గాలిలోనే చేతులాడిస్తూ పిండి జల్లించాడు, గుడ్లు గిలక్కొట్టాడు, అచ్చుకు బ్రష్‌తో వెన్న రాశాడు.

"ఆ బ్రష్ ఇంకా దేనికి వాడతారు?"

"అన్నిటికీనండీ. జీడిపప్పు కేకు అచ్చులకీ..." ఆయన మాట సగంలో ఆగిపోయింది.

"కడుగుతారా?"

"మా గురువుగారిచ్చిందండీ. గుడ్డతో తుడవాలంతే, కడిగితే చేతివాసి పోతుందన్నారు."

"ఆయనకు జీడిపప్పు బాగానే పడేది లెండి," అంది డాక్టరమ్మ.

ఇరవై ఏళ్లు నెత్తిన పెట్టుకున్న బ్రష్ కన్నకూతురి ప్రాణం మీదికి తెచ్చిందని తెలిసి మేస్త్రి తల కొట్టుకున్నాడు. ఆ తర్వాత నడుం బిగించాడు.

ఈసారి బేకరీ గడప తొక్కకుండా ఇంట్లోనే మొదలుపెట్టాడు. కొత్త అచ్చు, కొత్త బ్రష్, సీలు విప్పని ప్యాకెట్లు. వాటిమీది చీమతలకాయంత అక్షరాలన్నీ కళ్లజోడు పెట్టుకొని చదివాడు.

"ఇంత హడావుడెందుకయ్యా?" అంది అత్తగారు. "కాస్తకాస్త జీడిపప్పు పెడితే అదే అలవాటవుతుంది."

"అలవాటయ్యేది కాదత్తయ్యా, ప్రాణం తీసేది! డాక్టరమ్మ చెప్పందే ఆ మాటెత్తకండి."

పుట్టినరోజు సాయంత్రం ఇంజెక్షన్‌ను బల్లమీద పెట్టుకొని ముక్క అందించాడు. ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను పెదవుల మీద. పది నిమిషాలు గడిచాయి. అరగంట. గంట. పిల్ల పెదవులకు క్రీము తప్ప ఇంకేమీ లేదు. మొదట చప్పట్లు కొట్టింది అత్తగారే. మేస్త్రి ఆనందం పట్టలేక అత్తగారినే చేతులు పట్టుకొని గిరగిరా తిప్పేశాడు.

పిల్ల మాత్రం రెండో ముక్క నములుతూ తండ్రిని వింతగా చూసింది.

"నాన్నా, నీ కేకులు నిజంగానే బాగుంటాయా! అందరూ మొహమాటానికి పొగుడుతున్నారనుకున్నా."