ఆరో వార్డులో పడుగు

నేను నిజం చెప్పిన ప్రతిసారీ ఆరో వార్డు ఒక బారెడు పొడుగవుతోంది.

"ఇది ఎవరి మగ్గం పాకే?" అని అడుగుతాడు నాన్న. "ఇది ఆస్పత్రి నాన్నా, ఇవాళ గురువారం, నీకు జ్వరం, దాంతో మతి తప్పింది" అంటాను. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. ఎదుటి గోడ నాన్న మంచాన్ని కూడా తీసుకుని వెనక్కి జరుగుతుంది.

పొద్దుట్నుంచీ అలా దిద్దుతూనే ఉన్నాను. ఇప్పుడు ఆయన మంచం అరమైలు దూరంలో ఉంది. గ్లాసుతో నీళ్లు తీసుకుని బయల్దేరితే చేరేసరికి ఆవిరైపోతున్నాయి. నాన్న నిన్నటి నుంచి గుక్కెడు తాగలేదు. సెలైన్ గొట్టం మూడుసార్లు పీకేశాడు. పది గంటలకు డాక్టరు గారు వస్తారు. అప్పటికీ ఇంతే అయితే చేతులు మంచానికి కట్టేయక తప్పదన్నారు. అరవై ఏళ్లు మగ్గం నేసిన చేతులవి. నాకు ఏడుపొస్తోంది.

నాన్న మాత్రం తీరిగ్గా దుప్పటి పీకుతున్నాడు. ఒక్కో పోగూ లాగి గాల్లోకి వదులుతున్నాడు. అవి వార్డు పొడుగునా నడుమెత్తున బిగిసి నిలబడుతున్నాయి. చీరాలలో మా వీధిలో గంజి పెట్టడానికి పడుగు, అదే మగ్గం నిలువు పోగులు, పరిచేది అచ్చం ఇలాగే.

సిస్టర్ ఎస్తేరు డ్యూటీకి వస్తుంది. పొట్టి మనిషి, బరువు నడక. పరిచిన పడుగును దాటకూడదని మావాళ్ల పట్టింపు. ఆమెకెవరు చెప్పారో గానీ, దాటకుండా చుట్టూ తిరిగి వెళ్తుంది. ఆమెకు అరమైలు నాలుగడుగులే.

"పెద్దాయనా, ఎన్ని పోగులు తెగినయ్?"

"లెక్క లేదమ్మాయ్. ఒక్కణ్ణే అతుక్కుంటన్నా."

"నేనూ ఓ చెయ్యేస్తా, జరుగు."

మా పాకలో పోగు అతకాలంటే వేళ్లకు బూడిద అద్దుకునేవాళ్లు. సిస్టర్ పౌడరు డబ్బా తీసి అద్దుకుంటుంది, రెండు కొసలు కలిపి మెలిపెడుతుంది. నాన్న మెచ్చుకోలుగా తలాడిస్తాడు, అంతలోనే సెలైన్ గొట్టం పట్టుకుంటాడు.

"అది నీది కాదు. పక్క మగ్గమోళ్లది" అంటుంది ఆమె.

నాన్న చటుక్కున వదిలేస్తాడు. ఇంకొకరి పోగు ఆయన జన్మలో తెంపలేదు.

సిస్టర్ గొంతు పెంచకుండానే నాకు వినబడుతుంది. "టీచరు గారూ, ఆయన పనిలో ఉన్నాడు. పనిలో ఉన్నోళ్లకి వారాలెందుకండీ?"

నాకు సిగ్గేస్తుంది. తన తెల్లకోటు చేతి అంచులో ఓ కొస పట్టి లాగి ఆమె నాన్నకిస్తుంది. ఆయన దాన్నే పేకగా, అడ్డపోగుగా వేసి నేస్తాడు. వార్డు మూరెడు మూరెడు గుడ్డై ఆయన ఒళ్లో చుట్టుకుంటోంది, మంచం నా వైపు వస్తోంది. కోటు చెయ్యి మోచేతి దాకా అయిపోయింది. ఆమె అటు చూడనైనా చూడదు. ఇలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు.

"ఎండెక్కింది. పడుగు ఆరిపోతే పటపటా తెగుద్ది" అంటుంది.

"తడుపు మరి, అమ్మాయ్."

"నేసే మనిషి నోరెండితే పడుగెట్టా తడుస్తది?"

నాన్న ఆలోచిస్తాడు. ఆమె లెక్క సరిపోయింది. గ్లాసు అందుకుని గటగటా తాగేస్తాడు. పోగులన్నీ ఒక్కసారిగా చెమ్మగిల్లుతాయి.

సరిగ్గా పదింటికి డాక్టరు గారు చేతులు కట్టే గుడ్డలతో వస్తారు. పడుగు చూసి చెప్పులు విడిచి పక్కన నిలబడతారు. ఖాళీ గ్లాసు చూసి గుడ్డలు జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు.

పక్క మంచం పిలుస్తోంది. ఒంటిచేతి కోటుతో సిస్టర్ అటు వెళ్తుంది. ఇంకా నాలుగడుగుల వార్డు మిగిలి ఉంది, పేక అయిపోయింది. నాన్న చెయ్యి చాస్తాడు.

"ఎవరమ్మాయివే నువ్వు?"

'నీ కూతుర్ని' అనబోయి మింగేస్తాను. చిన్నప్పుడు ఆయనకు నూలు కండెలు చుట్టి అందించింది నేనే.

"కండెలు చుట్టే అమ్మాయిని."

"ఇంత ఆలస్యమా? రా రా."

పడుగు దాటకుండా కిందనుంచి వంగి వెళ్తాను. నా చిటికెన వేలి చివర ఎర్రటి పోగు కొస కనబడుతోంది. లాగి ఆయన చేతికిస్తాను. నొప్పేమీ లేదు. ఆయన చేతిలో నాడె పోగు లాక్కుంటూ అటూ ఇటూ ఆడుతోంది, వేలు అయిపోయి అరచెయ్యి మొదలవుతుంది.

"రంగు బాగుందే. ఇంకా ఉందా?" అంటాడు నాన్న.

"బోలెడుంది" అని మోచెయ్యి చాస్తాను.