మాల్యాద్రి హస్తవాసి

మాల్యాద్రి అదృష్టజాతకుడని ఎవరన్నా అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అదృష్టమట! ఆ ఒక్క మాట చెప్పుకునే మా జాలరి కుప్పంలో ముప్పై రెండు ఇళ్ల మగవాళ్లు పదేళ్లుగా వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మొదటిసారి అదృష్టమే, కాదనను. యాభై ఏడులో, సారా నిషేధం గట్టిగా ఉన్న రోజుల్లో, కస్టమ్స్ పడవను చూసి ఎవరో సీమసారా పెట్టెలు నీళ్లలోకి తోసేసి పారిపోయారు. అవి మాల్యాద్రి వలకు తగిలాయి. నా మొగుడు మునెయ్య వలకు తగిలినా తగిలేవే. మా ఆయనైతే పోలీసులకు చెప్పి, ఎదురు చీవాట్లు తిని ఇంటికొచ్చేవాడు. మాల్యాద్రి వాటిని ఎండుచేపల గంపల అడుగున దాచి నెల్లూరు చేర్చాడు. కొన్నవాడు ఇంకా తెమ్మన్నాడు. వీడు తెస్తానన్నాడు. అక్కడితో అదృష్టం పని అయిపోయింది. ఆ తర్వాతదంతా వీడి ఆశ.

మా వాళ్లకు ఆ తేడా తెలిసి చావలేదు. వాడి హస్తవాసి మంచిదని కొత్త వల అల్లితే మొదటి ముడి వాడి చేతే వేయించుకునేవాళ్లు. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

పులికాటు సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర చేప దండిగా పడుతుంది. అందరూ అక్కడికే పోతే తలకాయలు పగలగొట్టుకుంటారని ఏటా పోలేరమ్మ కొలుపు నాటి పొద్దున చీట్లు తీస్తాం. ఇంటికో తాటాకు ముక్క, దాని మీద ఆ ఇంటి గుర్తు. మాది పీత. మాల్యాద్రిది లంగరు. కుండలోంచి మొదట ఎవరి ముక్క వస్తే ఏడాదంతా మొగ వాళ్లది. రెండోది దాని పక్క నీళ్లు. అలా పోయి పోయి చివరివాళ్లకు మిగిలేది బురద.

యాభై తొమ్మిదిలో మా కుప్పం పెద్ద, పెద్దకాపు కామాక్షయ్య, తన చేతులు వణుకుతున్నాయని, కుండ తెచ్చి మాల్యాద్రి ముందు పెట్టాడు. “నీది మంచి చెయ్యి నాయనా, ఇకమీదట నువ్వే తియ్యి” అన్నాడు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే అదే. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ కోపం నా మీద నాకు ఇంకా చావలేదు.

అప్పటినుంచి ఏటా మొదట వచ్చేది లంగరే. వాడికి మొగ కావలసింది చేపలకు కాదు, సరుకు పడవలు దించుకోవడానికి. ఎదురు మాట్లాడినవాడికి బురద. బురద వచ్చినవాడి పొయ్యి ఆరుతుంది. పొయ్యి ఆరినవాడు వాడి పెట్టెలు మోస్తాడు. ఇదేమిటని అడిగిన రంగనాయకులి పడవ కాలిపోయింది, కాలు విరిగింది. మాల్యాద్రి లారీ కోట ఊరి మీదుగా పోతుంటే పోలీసులే దారి ఇచ్చేవాళ్లు. మా ఆయనకు వరసగా మూడేళ్లు బురదే వచ్చింది. నాలుగో ఏడు పెట్టెలు మోయడానికి పోయి, తుఫాను అలల్లో పడవ తిరగబడి పోయాడు. మాల్యాద్రి బియ్యం మూట పంపించి, వచ్చి గుమ్మంలో నిలబడి, “మునెయ్యన్నకు అదృష్టం లేదక్కా” అన్నాడు. ఆ నోట ఆ మాట!

ఇప్పుడు నా చీటీ మీద నా తమ్ముడు పోలేరయ్య వల వేస్తున్నాడు. రెండిళ్లు వాడి రెక్కల మీదే. ఈ ఏడు చీట్లకు ముందు వాడు తేల్చి చెప్పాడు. “ఈసారీ బురదే వస్తే నేనూ పెట్టెలు మొయ్యేదానికి పోతానక్కా. వేరే దారి యాడుండాది?”

నేను పోనివ్వదలచుకోలేదు. నిరుటి కొలుపులో ఒకటి చూశాను. కుండలోకి పోయేటప్పుడే మాల్యాద్రి పిడికిలి మూసి ఉంది.

ఆ పొద్దున డప్పులు ఆగాయి. మాల్యాద్రి కుండ ముందు కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. నేను లేచి వెళ్లి కుండను చాప మీద బోర్లించాను. ఆడది కుండ ముట్టిందని గోల లేచింది. లెక్కచేయకుండా ఒక్కో ముక్కా ఎత్తి గుర్తు చదివాను. ముప్పై ఒకటే ఉన్నాయి. లంగరు లేదు.

“నీ ముక్క యాడ మాల్యాద్రీ? పిడికిలి తెరువు.”

వాడి మనుషులు కర్రలతో ముందుకొచ్చారు. వాడు వద్దని తల ఊపి, నవ్వుతూ పిడికిలి తెరిచాడు. అరచేతిలో లంగరు.

“ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉండాదక్కా. ఎవురన్నా అడిగినారా?”

“చూసినారా! నా మొగుడ్ని తినింది ఈ చెయ్యే! ఇంకా ఏం కావాలి మీకు?” అని అరిచాను.

మగవాళ్లంతా కామాక్షయ్య వైపు చూశారు. ఆయన నా వైపు తిరిగాడు. “తొలి పెట్టెలు వాడి వలలోనే గదమ్మా పడింది. అది అమ్మోరు ఇచ్చిన రాత. మనం మార్చేదా?”

ఛీ! అప్పుడు తెలిసింది. వాళ్లకు ఎప్పుడో తెలుసు. దొంగతనమని ఒప్పుకుంటే దొంగను పట్టుకోవాలి. అదృష్టమనుకుంటే ఇంట్లో కూర్చోవచ్చు.

ఎవరో వంగి ముక్కలు ఏరుతున్నారు. చూస్తే నా తమ్ముడు. ఒక్కోదానికీ ఇసుక దులిపి కుండలో వేశాడు. మా పీతనూ వేశాడు. కుండను రెండు చేతులా ఎత్తి మాల్యాద్రికి అందించాడు.

“కానీ అన్నా. పొద్దెక్కతా ఉండాది.”

మాల్యాద్రి మూసిన పిడికిలి కుండలో పెట్టి తీశాడు. లంగరు. రెండోసారి దాచుకునే పని కూడా పెట్టుకోలేదు. కుండలోకి తొంగిచూసి, వెతికి, ఏరి తీశాడు. పీత.

“నీకూ అదృష్టం పట్టిందే నాగులమ్మా!” అని ఆడవాళ్లు నా చుట్టూ మూగారు. పోలేరయ్య వాడికి వంగి దండం పెడుతున్నాడు. పెట్టె ఒక్కటి కూడా మోయకుండానే నా తమ్ముడు వాడి మనిషైపోయాడు.