నా వేలు, ఆయన నాటకం

సబ్బు నీళ్ళు తగలగానే ఎడమచేతి ఉంగరం వేలు చుర్రుమంది. బకెట్లో ఆరు జుబ్బాలు, రెండు చీరలు. అన్నీ నాటకం బట్టలే. నిన్న సాయంత్రం ఆడిన ఆట తాలూకు చెమటా, దుమ్మూ, మొహాల రంగూ ఇంకా వాటికే అంటుకుని ఉన్నాయి. వేషాలు కట్టేది ఎనిమిది మంది, ఉతికేది నేనొక్కదాన్ని. అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, "అబ్బాయి జుబ్బా విడిగా ఉతుకు, మిగతావాటి రంగు అంటుకుంటుంది" అంది. వేలికి ఏమైందని అడగలేదు. అడగక్కర్లేదు కూడా, ఆ వేలి సంగతి ఊరందరికీ తెలుసు.

మా ఆయన వీధినాటకాలు ఆడిస్తారు. ఊరంతా ఆయన్ని మాస్టారూ అంటుంది. రెండేళ్ళ నుంచి ఆడుతున్న నాటకం హెచ్‌ఐవి గురించి. జాగ్రత్తలు తీసుకోమని, పరీక్ష చేయించుకోవడానికి సిగ్గుపడొద్దని చెబుతుంది. ఫ్యాక్టరీ గేటు ముందు, బస్టాండు పక్కన, ఫుట్‌బాల్ పోటీల్లో విరామం ఇచ్చినప్పుడు, జనం ఎక్కడ పోగైతే అక్కడ ఆడతాం. రాసింది ఆయనే, ఆడించేది ఆయనే, భర్త వేషమూ ఆయనదే. భార్య వేషం నాది. దాంతోపాటు బట్టలు కుట్టడం, బృందానికి వండటం, మాట మర్చిపోయినవాళ్ళకి వెనకనుంచి అందించడం కూడా నావే. వీటిని ఎవరూ పని అనరు, ఇంటి మనిషేగా అంటారు. పగలు టైలరు షాపులో ఎనిమిది గంటలు మిషను తొక్కి వచ్చాక ఇవన్నీ నాకు సరదా అని మా ఆయన నమ్మకం.

నాటకం చివర పరీక్ష ఎంత సులువో జనానికి చూపించాలి. ఒకరు కుర్చీలో కూర్చుంటే ఆస్పత్రి నుంచి వచ్చిన నర్సమ్మ వేలు పొడిచి రక్తపు చుక్క తీస్తుంది. ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చిన మొదటిరోజు మగవాళ్ళంతా ఎవరి చెప్పుల వైపు వాళ్ళు చూసుకున్నారు. డప్పు వాయించే ఆయనకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయట. చర్మం దడదడలాడేలా బాదే మనిషికి ఒక చుక్క రక్తం చూసి కళ్ళు తిరగడం ఏమిటో. "మా ఆవిడ కూర్చుంటుంది" అన్నారు మాస్టారు, నా వైపు చూడకుండానే. ఆ తర్వాత ఇంకెవరినీ అడగలేదు. నిన్నటితో ఇరవై మూడు ఆటలు, ఇరవై మూడు పోట్లు. ఇన్నిసార్లు పొడవక్కర్లేదమ్మా అని నర్సమ్మ మొత్తుకుంటూనే ఉంది.

ఫలితం ఇరవై నిమిషాల్లో వస్తుంది. ఆ కాగితం నా చేతికే ఇవ్వాలి. ఐదో ఆటప్పుడు కాబోలు, మాస్టారు దాన్ని నర్సమ్మ చేతిలోంచి తీసుకుని మైకులో చదివేశారు. "ఏమీ లేదు. చూశారుగా, నా భార్య నిక్షేపంలా ఉంది." జనం చప్పట్లు కొట్టారు. ఆట అయిపోయాక నర్సమ్మ, "అది పైకి చదవకూడదు మాస్టారూ, ఆవిడ సొంత విషయం" అంది. ఆయన నవ్వేసి, "మా ఆవిడేనమ్మా" అన్నారు. అప్పట్నుంచీ ప్రతి ఆటలోనూ చదువుతున్నారు. చప్పట్లు ఆయనకి బాగా పడ్డాయి.

ఏమీ లేదని ఇన్నిసార్లు మైకులో చదివినా నాకు మిగిలిందేమిటి? కొళాయి దగ్గర పక్కింటావిడ బిందె నా బిందెకి తగలకుండా జరుపుకుంటుంది. "అన్నిసార్లు చూపించుకుంటావు, నీకేమైనా అనుమానమా?" అని నవ్వుతూనే అడిగింది. అత్తయ్య నా మంచినీళ్ళ గ్లాసు విడిగా పెడుతోంది. తన కొడుకు ఊరూరా తిరిగి గ్లాసుల వల్ల అంటుకోదని గొంతు చించుకుంటుంటే, ఆయనగారి ఇంట్లోనే నాకు వేరే గ్లాసు. ఈ మాట మాస్టారికి చెబితే, "పెద్దావిడ, పట్టించుకోకు" అన్నారు.

పోస్టరు కూడా వేశారు. దాని మీద సగం ఆయన మొహం. కింద, నర్సమ్మ చేతిలో నా వేలు, దాని మీద ఎర్రటి చుక్క. వేలు నాదేనని మిషను సూది దిగిన పాత మచ్చ చూసి గుర్తుపట్టాను. "నీ వేలు ఎంత పెద్దగా వేశారో చూశావా?" అని ఆయన మురిసిపోయారు. మనిషి మొత్తంలో వాళ్ళకి వేలొక్కటే పనికొచ్చిందన్నమాట.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నాటకం మొదలవడానికి ముందు ఆయన శిక్షణ కోసం మూడు నెలలు పెద్ద నగరానికి వెళ్ళారు. తిరిగొచ్చిన వారానికి, ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో మిషను మీద మా పాప గౌను కుడుతుంటే, వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చారు. "తప్పు జరిగిపోయింది. ఒక్కసారే." నేను ఒక్క మాటా అనలేదు. నా మౌనంలో ఏముందో నాకే తెలియదు, కానీ క్షమించడం మాత్రం కాదు. ఆ నెలాఖరుకల్లా నాటకం తయారైంది. అందులో భార్య మిషను మీద కుడుతుంటుంది. భర్త వచ్చి మోకాళ్ళ మీద తల పెట్టి ఏడుస్తాడు. "తప్పు జరిగిపోయింది. ఒక్కసారే." మాటకి మాట. ఆయనకి నచ్చనిదల్లా నా మౌనమే. అక్కడ నాకో మాట రాసిచ్చారు. "పోనీలెండి, తిరిగొచ్చారు, నాకదే చాలు."

రిహార్సల్లో, "కొంచెం కన్నీళ్ళు పెట్టుకుని అను, అప్పుడే పండుతుంది" అన్నారు. నిజంగానే పండింది. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆయనకి శాలువా కప్పారు. నా ఇంట్లో జరిగింది, నా మోకాళ్ళ మీద జరిగింది, ఆయన చేతిలో కథ అయిపోయింది. నేనేమో ఇరవై మూడుసార్లు క్షమించాను, మైకు పెట్టుకుని మరీ. ఒక్కసారి కూడా నా మనసుని అడక్కుండా.

ఆ మధ్యాహ్నం నుంచీ కండోమ్ లేకుండా ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు. నాటకంలో పంచే డబ్బాలే ఇంట్లో ఉంటాయి, ఆయన కాదనలేకపోయారు. ఇప్పుడు కొత్త పాట మొదలైంది. పాపకి ఆరేళ్ళు నిండాయి, తోడు కావాలట. పోయిన వారం అత్తయ్య అంది, ఈ వేళ మధ్యాహ్నం ఆయనా అన్నారు.

"ఇంక అవి పక్కన పెట్టేద్దామే."

"ముందు మీరు పరీక్ష చేయించుకోండి" అన్నాను.

"నన్ను అనుమానిస్తున్నావా?"

"అనుమానం ఏముంది, మీరే చెప్పారుగా."

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "అమ్మ వింటుంది. అయినా నీకు ప్రతిసారీ ఏమీ లేదనే వచ్చిందిగా. నీకు లేదంటే నాకూ లేనట్టే."

నాకు నవ్వొచ్చింది. భార్యకి లేదని భర్తకీ లేదనుకోవద్దు, ఎవరి పరీక్ష వాళ్ళదే అని నాటకంలో ఒక మాట ఉంది. ఆ మాట ఆయన పాత్రదే, ఆయన రాసిందే. ఆ సంగతే గుర్తు చేశాను.

"నాటకం వేరు, ఇల్లు వేరు" అన్నారు.

"పోనీ ఎవరికీ తెలియకుండా ఆస్పత్రికి వెళ్ళి రండి."

"ఎలా వెళ్ళనే? గోడ గోడకీ నా మొహమే. నన్ను ఆ వరసలో చూస్తే కథ నిజమే అనుకుంటారు."

"నిజమే కదా."

ఆయన లేచి చొక్కా దులుపుకున్నారు. "సాయంత్రం ఆట ఉంది, నా బుర్ర పాడుచేయకు. జుబ్బా ఆరిందో లేదో చూడు."

చూశాను, ఆరింది. ఇస్త్రీ కూడా చేశాను. నాకు కోపం వచ్చినా చేతుల పని ఆగదు, అదే నా దరిద్రం. జుబ్బా మడతపెడుతుంటే వేలి మీద నల్లటి పోటు గుర్తులు కనిపించాయి. లెక్కలేనన్ని ఉన్నట్టనిపించింది. ఈ ఇంట్లో భయపడే హక్కు ఆయనది, పొడిపించుకునే పని నాది. ఆయన భయం విలువైనదట, దాన్ని గోడ మీద పోస్టరులా కాపాడుకోవాలట. నా భయానికి రెండేళ్ళు నిండాయి. ఒక్కరూ దాన్ని పలకరించలేదు.

సాయంత్రం ఆట మిల్లు కార్మికుల క్వార్టర్ల మధ్య ఖాళీ స్థలంలో. ముందు వరసల్లో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు, వెనక సైకిళ్ళ మీద చేతులానించిన మగవాళ్ళు. స్టేజీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ, బల్ల దగ్గర నర్సమ్మ. నేను మిషను ముందు కూర్చున్నాను. ఆయన వచ్చి మోకాళ్ళ మీద తల పెట్టారు. ఆ తల బరువు ఎంతో నాకు బాగా తెలుసు.

"తప్పు జరిగిపోయింది. ఒక్కసారే."

జనం నా మాట కోసం చూస్తున్నారు. ఆయనా చూస్తున్నారు. మర్చిపోయాననుకున్నారో ఏమో, "పోనీలెండి..." అని నెమ్మదిగా అందించారు. రెండేళ్ళలో ఆయన నాకు మాట అందించడం అదే మొదటిసారి.

"పరీక్ష చేయించుకున్నారా?" అన్నాను.

ఆయన తలెత్తారు. ఒక్క క్షణం తడబడి, అనుభవమున్న నటుడు కాబట్టి సర్దుకున్నారు. "చేయించుకుంటాను, తప్పకుండా చేయించుకుంటాను."

"అయితే రండి." లేచి వెళ్ళి కుర్చీ తెచ్చి ఆయన ముందు వేశాను. నర్సమ్మ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. చేతిలో దూది పట్టుకుని నిలబడిపోయింది.

"నాటకంలో ఇది లేదు" అన్నారాయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, పళ్ళ మధ్య నుంచి. "ఇంటికి పద, చెప్తాను నీ సంగతి."

నేనూ నా మైకు మూసి, "ఇంట్లో అడిగాను, మీరు వినలేదు" అన్నాను.

జనానికి ఈ మాటలు వినబడలేదు. వాళ్ళకి ఇదంతా ఆటలో భాగమే. ముందు వరసలో ఒక ముసలావిడ, "కూర్చో నాయనా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంది. పక్కనున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. ఆయనకి అంత ఇష్టమైన చప్పట్లు. ఆయన నుదుటి మీద రంగు చెమటకి కరిగి కనుబొమ్మల్లోకి దిగుతోంది. కుర్చీ వైపు ఒక్క అడుగు కూడా పడటం లేదు. రేపు ఆ జుబ్బా నేను ఉతకబోవడం లేదు. రెండో బిడ్డ మాట ఆ కుర్చీలో కూర్చున్నాకే.

మైకు తీసి పక్కన పెట్టాను. కుర్చీ ఇంకాస్త ముందుకి జరిపి, ఆయనకి మాత్రమే వినబడేలా అన్నాను.

"కూర్చోండి. భయపడకండి, మీ ఫలితం నేను పైకి చదవను."