గాజులు తీసేసిన పిడికిలి

నేను ఒక నూనె డబ్బా రేకును. నూనె అయిపోయాక బీడీ కార్మికుల సంఘం చేతిలో పడి, గోడల మీద పిడికిలి బొమ్మ దించే అచ్చురేకునయ్యాను. వంటింట్లో తుప్పు పట్టాల్సిన జన్మ విప్లవంలో పడింది, చూశారా!

బొమ్మకు నమూనాగా ముందు సంఘం నాయకుడు చంద్రమౌళి సారే చెయ్యి చాపారు. ఆయన పిడికిలి బిగిస్తే పూర్ణంబూరెలా ఉంది. పెయింటర్ నవ్వాపుకుని, పక్కనే బీడీలు చుడుతున్న గంగామణి చెయ్యి నా మీద పెట్టించి గీత గీసి, ఉలితో కోశాడు. గాజులు మాత్రం వద్దన్నారు సారు.

"కార్మికుడంటే వీరుడు. వీరునికి గాజులేందమ్మా?"

ఆ సంఘంలో బీడీలు చుట్టేవాళ్లందరూ ఆడవాళ్లే. ఈ మగ వీరుడు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో మరి! సారు సిద్ధాంతంలో ఆడవాళ్లకు లోటేం లేదు లెండి. దేశం తల్లి, విప్లవం పెళ్లికూతురు, పెట్టుబడి వేశ్య. బీడీలు చుట్టే మనిషికే చోటు చాల్లేదు.

కూలి పెంచమని సమ్మె చేశారు. సభలో నన్ను వేదిక ముందు నిలబెట్టారు. సారు మైకు అందుకుని, "ఓ యజమానీ! మేమేం గాజులు తొడుక్కొని కూసోలేదు!" అని గర్జించారు. ఎదురుగా వందల గాజుల చేతులు. చప్పట్లకు లేచినవి లేచినట్టే ఆగిపోయాయి.

గంగామణి లేచింది. "గాజులు తొడుక్కున్నోళ్లమే పని బంద్ వెట్టినం సారూ. గా రేకు మీదున్నది నా చెయ్యి. నా గాజులు నాకియ్యి."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? విప్లవం వచ్చినంక చూద్దాం."

"అచ్చినంక గూడ బీడీలు చుట్టేది నేనే గద!"

పెయింటర్ దగ్గర ఉలి లాక్కుని, నన్ను రాయి మీద పరిచి, మణికట్టు దగ్గర రెండు గాట్లు కొట్టింది. నొప్పేసింది, అబద్ధమెందుకు! కానీ అంత హాయి నా జన్మలో ఎరగను.

రేకుకు పడ్డ గాటు పూడదు కదా. సారు వాటి మీద కాగితం అంటించి గోడలకు అచ్చు వేయించారు. రంగు తడికి కాగితం నాని జారిపోయింది. ఊళ్లో ఏ గోడ చూసినా గాజుల పిడికిలే.

సమ్మె గెలిచింది. కరపత్రంలో "వీరపుత్రుల విజయం" అని వేశారు. ఏం చేస్తాం!

ఇప్పుడు నేను సంఘం ఆఫీసులో ఎలుక కన్నానికి అడ్డంగా ఉన్నాను. నిన్న కొత్త అచ్చురేకు వచ్చింది. దాని మణికట్టు బోసిగా ఉంది. గంగామణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెయింటర్‌ను ఒక్కటే అడిగింది.

"ఉలి ఏడున్నదే?"